తరవాత ఏం చదవాలి? ఎల్లల అవతల పుట్టిన తెలుగు పుస్తకాల కథ

కొన్నేళ్ళ కిందట ఒక సాయంత్రం కృష్ణగిరి వైపు నుంచి వచ్చిన విద్యార్థి ఒకడు నా గదిలోకి వచ్చి నిలబడ్డాడు. "సార్, మహాప్రస్థానం అయింది, కన్యాశుల్కం అయింది. బాగుండాయి. తరవాత ఏం చదవమంటారు?" అని అడిగాడు. అడిగి, కాసేపు తటపటాయించి, "మా అవ్వ మాట్లాడేది వీటిలో యాడా లేదు సార్" అన్నాడు. నాకు ఆ రెండో మాట అప్పుడు సరిగా వినబడలేదు. చేతికందిన ఒక లావుపాటి సాహిత్య చరిత్ర తీసి ఇచ్చాను. అధ్యాపకులకు ఇది అలవాటే. ఏం చదవాలో చెప్పలేనప్పుడు చరిత్ర పుస్తకం ఇస్తాం.

రెండు వారాల్లో తిరిగి తెచ్చాడు. ఒక అధ్యాయం దగ్గర కాగితం ముక్క పెట్టి ఉంది. అధ్యాయం పేరు 'క్షీణయుగం'. "మా పక్క రాసిండేదంతా దీంట్లో ఉండాది సార్. తంజావూరు, మదుర, మైసూరు. పేరు మాత్రం ఇట్ల పెట్టిండారు" అన్నాడు. ఆ పేరు పెట్టినవారి తరఫున జవాబు చెప్పవలసిన బాధ్యత ఒక్కసారిగా నామీద పడింది. ఈ వ్యాసం ఆ జవాబే. కొంచెం ఆలస్యంగా రాస్తున్నాను. కన్నడనాట, తమిళనాట, ఒరిస్సాలో, మహారాష్ట్రలో, యానాంలో ఉండి తెలుగు చదువుకుంటున్న మీలో చాలామందికి అదే ప్రశ్న ఉంటుందని నాకు తెలుసు.

ముందు ఆ పేరు సంగతి. 1565లో రక్కసి తంగడి యుద్ధం తరవాత విజయనగర రాజ్యం కుంగింది. తెలుగు కవుల ఆశ్రయం దక్షిణానికి కదిలింది. తంజావూరులో రఘునాథ నాయకుడు (పాలన 1600–1634), ఆయన కొడుకు విజయరాఘవ నాయకుడు (1634–1673) స్వయంగా తెలుగులో రాశారు, రాయించారు. చేమకూర వెంకటకవి విజయవిలాసం రఘునాథుడికి అంకితం. విజయరాఘవుడి కొలువులో రంగాజమ్మ యక్షగానం రాసింది. 1673లో మదుర నాయకులు తంజావూరును పట్టుకున్నారు. ఆ తరవాత కొద్ది ఏళ్ళకే అది మరాఠా భోసలే వంశం చేతికి వచ్చింది. ఇంటి భాష మరాఠీ అయిన ఆ రాజులూ తెలుగును వదలలేదు. శాహజీ (1684–1712) తెలుగులో యక్షగానాలు రాశాడు. రాజ్యం మారినా, రాజు ఇంటి భాష మారినా, కొలువు సాహిత్యంలో తెలుగు కొనసాగింది. దీన్ని ఏ కొలమానంతో క్షీణం అన్నట్టు?

కొలమానం రెండు ముక్కలది. ఒకటి, నన్నయ నుంచి రాయల దాకా వచ్చిన ప్రబంధ మార్గమే ప్రమాణం అనుకోవడం. రెండోది, పంతొమ్మిదో శతాబ్దం చివర వచ్చిన సంస్కరణ దృష్టి. శృంగారం ఎక్కువైతే సాహిత్యం చెడిందని అది తీర్పు చెప్పింది. నేనిక్కడ ఆ యుగం మొత్తాన్ని వెనకేసుకు రావడం లేదు. దక్షిణాది కావ్యాల్లో విసుగు పుట్టించేవి చాలానే ఉన్నాయి. ఒకే నాయిక, ఒకే విరహం, అవే ఉపమానాలు. చదవకపోయినా నష్టం లేదు. కాని వచనం, యక్షగానం, పదం, స్త్రీల రచన, ఈ నాలుగూ ఆ కాలంలో, ఆ నేలమీద పెరిగినంతగా అంతకు ముందు మరెక్కడా పెరగలేదు. దాన్ని పెరుగుదల అనాలి.

వచనం సంగతి భాషాశాస్త్రం చదువుకున్నవాడిగా నాకు మరీ ముఖ్యం. తెలుగులో పద్యం రాజ్యమేలుతున్న రోజుల్లో మదురలోనూ మైసూరులోనూ వచనం గ్రంథస్థాయికి ఎదిగింది. మదుర రాజు విజయరంగ చొక్కనాథుడు (1706–1732) శ్రీరంగ మాహాత్మ్యాన్ని వచనంలో రాశాడు. ఆ కొలువులోని సముఖము వేంకటకృష్ణప్ప నాయకుడు జైమినిభారతాన్ని వచనం చేశాడు. మైసూరు కొలువులో కళువె వీరరాజు భారతాన్ని వచనంలోకి తెచ్చాడు. ఎందుకు అక్కడే? నా ఊహ ఇది. చుట్టూ తమిళమో కన్నడమో వినిపించే చోట తెలుగు పద్యాన్ని విడమరచి చెప్పేవారు తక్కువ, చదివి వినిపించే కథకు గిరాకీ ఎక్కువ. ఊహ తప్పు కావచ్చు. పుస్తకాలు మాత్రం ఉన్నాయి.

వీటిలో ఒకటి మీరు తప్పకుండా చదవాలి. అది రాయవాచకము. కృష్ణదేవరాయల కాలపు సంగతులను ఒక స్థానాపతి మదుర నాయకుడికి నివేదిస్తున్నట్టు నడుస్తుంది. అందుచేత చాలాకాలం దాన్ని రాయల సమకాలపు రచనగా చూశారు. ఫిలిప్ వాగనర్ 1993లో వెలువరించిన తన ఇంగ్లీషు అనువాదంలో, ఇది నిజానికి 1600 ప్రాంతంలో మదుర నాయకుల కొలువులో పుట్టిందని వాదించాడు. ఆ వాదం ఒప్పుకుంటే పుస్తకం రంగే మారిపోతుంది. హంపీ పాడుబడిన తరవాత, ఎక్కడో దక్షిణాన కూర్చుని, పోయిన మహానగరాన్ని తలుచుకుంటూ రాసిన తెలుగు అవుతుంది. వలస వచ్చిన కుటుంబాల్లో పుట్టిన మీకు దాని లోపలి బాధను వేరే చెప్పనక్కరలేదు.

కాని మొట్టమొదట చదవమని నేను చెప్పేది అది కాదు. కాశీయాత్ర చరిత్ర.

ఏనుగుల వీరాస్వామయ్యగారు మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ. 1830 మే 18న పరివారంతో మద్రాసు నుంచి బయలుదేరి కాశీ వెళ్ళి, 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరారు. పదిహేను నెలల పైచిలుకు ప్రయాణం. దారి పొడుగునా తాను చూసినవన్నీ రాసి, మద్రాసులోని మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళెగారికి పంపుతూ వచ్చారు. వీరాస్వామయ్యగారు 1836లో పోయారు. 1838లో ఆ స్నేహితుడే పుస్తకంగా వెలువరించాడు. తరవాత దిగవల్లి వేంకట శివరావుగారు విపులమైన వివరణలతో 1941లో మళ్ళీ ముద్రించారు. ముక్తేవి లక్ష్మణరావుగారి సంపాదకత్వంలో ఇంకొక ముద్రణ వచ్చింది. పాత ముద్రణల స్కాన్లు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో దొరుకుతాయి కాబట్టి పుస్తకం దొరకలేదనే సాకు ఇప్పుడు చెల్లదు.

ఎందుకు ముందు ఇది అంటే, మొదటి కారణం దారి. తిరుపతి, కడప, శ్రీశైలం, హైదరాబాదు మీదుగా నాగపూరు, అక్కడినుంచి జబల్పూరు, అలహాబాదు, కాశీ, గయ, కలకత్తా. తిరుగు దారిలో పూరీ జగన్నాథం, గంజాం, అక్కడినుంచి తీరం వెంట దిగుతూ మద్రాసు. ఈ పత్రిక చదివే మీలో చాలామంది ఊళ్ళకు ఈ దారి దగ్గరగానే పోతుంది. రాష్ట్రాల ఎల్లలు గీయడానికి శతాబ్దం ముందు తెలుగు మాట ఏ దారుల్లో తిరిగిందో ఒక మనిషి కాలినడక వేగంతో కనబడుతుంది.

రెండో కారణం ఆ వచనం. అది గ్రాంథికం కాదు, పూర్తిగా వాడుకా కాదు. కచ్చేరీలో నాలుగు భాషలు మార్చి మార్చి మాట్లాడే మద్రాసు ఉద్యోగి కలం. పారసీ, హిందుస్తానీ, తమిళ, ఇంగ్లీషు మాటలు ఎక్కడ అవసరమైతే అక్కడ వచ్చి కూర్చుంటాయి. ఆయన వాటికి క్షమాపణ చెప్పుకోడు. ఇంట్లో తెలుగు, వీధిలో ఇంకో భాష, కాలేజీలో మరో భాషగా పెరిగిన మనకు అది చాలా పరిచయమైన గొంతు. నేను కూడా ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడంగా పెరిగినవాణ్ణే. నా తెలుగులో కన్నడం కలిసిందని చిన్నప్పుడు ఒక బంధువు నవ్వితే, చాలాకాలం బంధువుల ముందు నోరు విప్పలేదు. ఈ పుస్తకం ఆ వయసులో దొరికి ఉంటే బాగుండేది.

మూడోది, ఆయన చూపు. క్షేత్ర మహిమలు రాస్తాడు. అంతే శ్రద్ధగా ఊరికీ ఊరికీ ఎన్ని ఆమడలు, బాట ఎలా ఉంది, మంచినీళ్ళు ఉన్నాయా, అంగళ్ళలో ఏ సామాన్లు దొరుకుతాయి అన్నవీ రాస్తాడు. వరసగా ఒక్క బిగిన చదవకండి. రోజుకు నాలుగు మజిలీలు చాలు. మధ్యమధ్య వచ్చే వేదాంత చర్చలు దాటేసినా ఆయన కోప్పడడు.

ఇక రెండో పుస్తకం ముద్దుపళని రాధికాసాంత్వనము. తంజావూరు ప్రతాపసింహుడి (1739–1763) కొలువులోని విదుషి రాసిన శృంగార ప్రబంధం. దీన్ని చదవమనడానికి పుస్తకం ఎంత కారణమో, పుస్తకానికి జరిగింది కూడా అంత కారణం. 1887లో అచ్చయిన ప్రతిలో పీఠిక భాగమూ కొన్ని పద్యాలూ లేవు. తీసేసినవాటిలో ముద్దుపళని తన వంశాన్ని అమ్మమ్మల వైపు నుంచి చెప్పుకున్న భాగం కూడా ఉంది. కందుకూరి వీరేశలింగంగారు కవుల చరిత్రలో ఆమెను తీవ్రంగా తప్పుపట్టారు. మైసూరు సీమలో పుట్టిన బెంగుళూరు నాగరత్నమ్మగారికి పూర్తి పాఠం దొరికింది. 1910లో వావిళ్ళవారి ద్వారా మద్రాసులో అచ్చు వేయించారు. వీరేశలింగంగారి విమర్శకు పీఠికలో సూటిగా జవాబు చెప్పారు. మరుసటి ఏడాది ప్రభుత్వం పుస్తకాన్ని నిషేధించింది. ఆ నిషేధం ప్రకాశం పంతులుగారు మద్రాసు ప్రధానిగా ఉన్నప్పుడు గాని తొలగలేదు.

ఇందులో ఉన్నవారి ఊళ్ళు చూడండి. కవయిత్రి తంజావూరు, సంపాదకురాలు మైసూరు సీమ, అచ్చు మద్రాసు. తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధికి గుడి కట్టించింది కూడా ఆ నాగరత్నమ్మగారే. ఒక తెలుగు పుస్తకం కోసం ప్రభుత్వంతో పోరాడినవారిలో ముందు చెప్పుకోవలసిన మనిషి కన్నడ దేశంలో పుట్టిందన్న సంగతి మన పాఠ్యపుస్తకాల్లో నాకు ఎక్కడా కనబడలేదు. పద్యాలు కష్టమనిపిస్తే ముందు పీఠికలు చదవండి, పద్యాల దగ్గరికి తరవాత వెళ్ళండి.

లిపి రానివారు మీలో ఉన్నారని తెలుసు. సిగ్గుపడనక్కరలేదు. త్యాగరాజస్వామి (1767–1847) కృతులు తమిళ, కన్నడ లిపుల్లో దొరుకుతాయి. తంజావూరు దగ్గర మేలట్టూరులో నృసింహ జయంతికి ఆడే భాగవతమేళ నాటకాలు తెలుగులో ఉంటాయి, చూసేవారిలో ఎక్కువమంది తమిళులు. చెవితో మొదలుపెట్టండి. కన్నడ లిపి వచ్చినవారికి తెలుగు లిపి ఒక నెల పని, రెండూ ఒకే లిపి నుంచి విడివడ్డవే. క్షేత్రయ్య పదాలకు రామానుజన్, నారాయణరావు, షుల్మన్ కలిసి చేసిన ఇంగ్లీషు అనువాదం 1994లో వచ్చింది. మూలం పక్కన పెట్టుకుని చదివితే రెండింటికీ లాభం.

మూడో పుస్తకం పేరు చెబితే ఆశ్చర్యపోతారు. అది తమిళంలో ఉంది. కి. రాజనారాయణన్ (1923–2021) రాసిన గోపల్ల గ్రామం, 1976. ఆయన కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసెవల్‌వారు. ఇంటి భాష తెలుగు. తెలుగుదేశం నుంచి పారిపోయి వచ్చిన కమ్మవారి కుటుంబాలు దక్షిణాన నల్లరేగడి నేలల్లో అడవి కాల్చి, నేల చదును చేసి, ఊరు కట్టుకున్న కథ అది. నూట ముప్పై ఏడేళ్ళ ముత్తవ్వ మంగత్తాయారు జ్ఞాపకాల్లోంచి నడుస్తుంది. అందగత్తె అయిన పిల్లను రాజు కోరాడు, కాదని కుటుంబమంతా రాత్రికి రాత్రి బయలుదేరింది, దారికి అడ్డమైన ఏటి మీదికి ఒక చెట్టు వంగి దాటించింది. ఇలాంటి కథ మీ ఇళ్ళలోనూ కొద్ది మార్పులతో విని ఉంటారు.

చరిత్రకారుడు ఇక్కడ ఆగుతాడు. విజయనగర, నాయక రాజుల సైన్యాలతో పాటు వెళ్ళినవారు, వ్యవసాయానికి నేల వెతుక్కుంటూ వెళ్ళినవారు చాలామంది. తిరునెల్వేలి సీమ రైతుల మీద డేవిడ్ లడ్డెన్ 1985లో వెలువరించిన గ్రంథం చూస్తే, నల్లరేగడి మెట్టసేద్యానికీ తెలుగు వలసలకూ ఉన్న ముడి అర్థమవుతుంది. అయితే మంగత్తాయారు చెప్పింది అబద్ధమా? నేను అలా అనను. ఎందుకు వచ్చాం అన్న ప్రశ్నకు భూమి రికార్డు ఇచ్చే జవాబు వేరు, అవ్వ ఇచ్చే జవాబు వేరు. రెండూ చదివినవాడికే వలస అంటే ఏమిటో తెలుస్తుంది. దీనికి కొనసాగింపు గోపల్లపురత్తు మక్కళ్‌కు 1991లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. తమిళ రచనకు వచ్చిన బహుమతే, కాని తెలుగు ఇంటి కథకు వచ్చింది. ఆయన కరిసల్ సీమ మాండలికానికి నిఘంటువు కూడా కూర్చారు. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వంలో 1962లో వచ్చిన మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం, వ్యవసాయ పదాలది, పక్కన పెట్టుకుని మీ ఇంటి సేద్యపు మాటలు రాసిపెట్టుకోండి. తమిళం రానివారు తమిళ స్నేహితుడి చేత గోపల్ల గ్రామం చదివించుకుని వినండి.

తెలుగులోనే అలాంటి నుడి కావాలంటే స.వెం. రమేశ్‌గారి ప్రళయకావేరి కథలు ఉంది. పులికాట్ సరస్సు చుట్టుపక్కల బతుకు, ఆ సీమ పలుకుబడిలోనే రాసినది. మొదటి పది పేజీలు నెమ్మదిగా సాగుతాయి. పైకి చదవండి, చెవి పట్టేసుకుంటుంది.

మిగతా సీమలవారికి క్లుప్తంగా చెబుతాను. బళ్ళారివారు తమ ఊరు తెలుగు నాటకానికి ఒక పుట్టిల్లని మరిచిపోకూడదు. ధర్మవరం కృష్ణమాచార్యులుగారు, కోలాచలం శ్రీనివాసరావుగారు అక్కడివారే. శ్రీనివాసరావుగారి రామరాజు చరిత్రము చదివితే రక్కసి తంగడి యుద్ధాన్ని, దాని శిథిలాల దగ్గర బతికే ఊరు ఎలా తలుచుకుందో తెలుస్తుంది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డప్పుడు బళ్ళారి మైసూరు రాష్ట్రానికి వెళ్ళింది. నాటకాలు ఎక్కడికీ వెళ్ళలేదు.

బరంపురం, పర్లాకిమిడి వారికి గిడుగు రామమూర్తిగారి కంటే దగ్గరివారు లేరు. 1880 నుంచి పర్లాకిమిడిలో పనిచేశారు. సవర భాషకు వ్యాకరణం, నిఘంటువు రాశారు. 1936లో ఒరిస్సా ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరినప్పుడు ఆ ఊరు వదిలి రాజమండ్రి వచ్చేశారు. ఆయన గద్య చింతామణి మామూలు పాఠకుడికి కొంచెం బరువే. అయినా తిరగెయ్యండి. పాత వచన గ్రంథాల్లో వ్యావహారిక రూపాలు ఎంత విరివిగా ఉన్నాయో ఉదాహరణలతో నిరూపించిన పుస్తకం అది. నేడు మనం రాస్తున్న తెలుగు కోసం పర్లాకిమిడిలో కూర్చున్న ఒక మేష్టారు వాదించారన్న సంగతి, 'ప్రామాణిక భాష నడిమి జిల్లాలది' అనే మాట వచ్చినప్పుడు గుర్తు చేసుకోవచ్చు.

మహారాష్ట్రవారికి ఒక సంగతి. ఆంధ్రపత్రిక పుట్టింది బొంబాయిలో. 1908లో కాశీనాథుని నాగేశ్వరరావుగారు అక్కడ వారపత్రికగా మొదలుపెట్టి, 1914లో మద్రాసులో దినపత్రిక చేశారు. ఆయన జీవితం మీద వచ్చిన పుస్తకం ఏది దొరికినా చదవండి.

యానాం 1954 దాకా ఫ్రెంచివారి కింద ఉంది. బొల్లోజు బాబాగారి ఫ్రెంచిపాలనలో యానాం మీ ఊరి చరిత్రకు మంచి ప్రవేశం. యానాంలో పుట్టిన శిఖామణిగారి మువ్వల చేతికర్ర కవిత్వం వైపు తీసుకుపోతుంది. యానాం నుంచి పుదుచ్చేరి వెళ్ళి చదువుకునేవారికి ఇంకొక పేరు చెబుతాను, ఆనందరంగ పిళ్ళె (1709–1761). డూప్లేకు దుబాసీ. దినచర్య తమిళంలో రాశాడు. అదే మనిషి కస్తూరి రంగకవి చేత తెలుగు ఛందస్సు గ్రంథం రాయించుకుని తన పేరు పెట్టించుకున్నాడు, ఆనందరంగరాట్ఛందము అని. లెక్కలకు తమిళం, కీర్తికి తెలుగు. ఒక మనిషికి ఒకే భాష, అదే అతని గుర్తింపు అనే ఆలోచన ఎంత కొత్తదో లిసా మిచెల్ 2009లో తెలుగు మీద రాసిన పుస్తకంలో వివరంగా చర్చించారు. ఎం.ఎ. విద్యార్థులు అది తప్పక చదవాలి.

వీటన్నిటినీ ఒక వరసలో చూడాలనుకునేవారికి నిడదవోలు వేంకటరావుగారి దక్షిణదేశీయాంధ్ర వాఙ్మయము ఉంది. పరిశోధన చేసేవారికి అది పనిముట్ల పెట్టె, అందులో లేని పేరు అరుదు. మామూలుగా చదువుకునేవారికి సురవరం ప్రతాపరెడ్డిగారి ఆంధ్రుల సాంఘిక చరిత్ర (1949) ముందు. రాజుల గొడవ తక్కువ, జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏం ఆడారు అన్నది ఎక్కువ. నాయక రాజ్యాల స్వభావం తెలియాలంటే నారాయణరావు, షుల్మన్, సుబ్రహ్మణ్యం కలిసి రాసిన సింబల్స్ ఆఫ్ సబ్‌స్టెన్స్ (1992). ఇంగ్లీషు సులువు కాదు. ఏదైనా ఒక అధ్యాయం ఎంచుకుని చదివితే చాలు.

ఆ కృష్ణగిరి అబ్బాయికి చివరికి కాశీయాత్ర చరిత్ర ఇచ్చాను. గ్రంథాలయం ప్రతి కాదు, నా సొంత ప్రతి. నెల తరవాత వచ్చాడు, పుస్తకం మాత్రం తేలేదు. ఊరికి తీసుకుపోయి అవ్వకు చదివి వినిపిస్తున్నాడట. ఆమడల లెక్క వచ్చినప్పుడల్లా ఆమె ఆపి, మన ఊరి నుంచి సంతకు ఎంత, పుట్టింటికి ఎంత అని అదే లెక్కలో చెబుతోందట. "ఇంకా నాగపూరు దాటలేదు సార్, అవ్వ దాటనియ్యలేదు" అన్నాడు. ఎప్పుడు తిరిగి ఇస్తావని నేను అడగలేదు.